ఆరుకీ ఎనిమిదికీ మధ్య

ఆ ఇంటికి ఆమె ఒక్కతే కోడలు. అయినా అందరూ ఆమెను చిన్నకోడలనే పిలిచేవారు. పెద్దకోడలు ఎక్కడుందని కొత్తవాళ్ళెవరైనా అడిగితే అత్తగారు, "ఎత్తు చూసి పెట్టిన పేరు లెండి, వరస చూసి కాదు" అని నవ్వేసేది. ఆ పేరు వీధిలో ఆగకుండా ఆమె పనిచేసే ఆసుపత్రి దాకా పాకింది. పాకించినవాడు ఆంబులెన్సు డ్రైవరు. వీధి చివరి ఇల్లు ఆయనది. ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది.

ఆసుపత్రి అంటే మరీ పెద్దదేమీ కాదు. రెండు వార్డులు, ఒక మందుల గది, వెనకాల రేకుల షెడ్డులో రెండు ఆంబులెన్సులు. చిన్నకోడలు అక్కడ చాలా ఏళ్ళు నేలలు తుడిచింది, దుప్పట్లు మార్చింది, రోగులకు పక్కలు తిప్పింది. చేయి చురుకైనది, కంగారు పడని మనిషి. అది చూసి డాక్టరమ్మే ఆమెను ఆంబులెన్సు సహాయకురాలి పనికి పంపింది. పని దొరికింది గానీ పర్మనెంటు కాలేదు. అందుకు మూడు పరీక్షలు పాసవ్వాలి. ప్రథమ చికిత్స పాసైంది. బండిలో సామాన్ల పరీక్షలో అందరికంటే ముందుంది. లెక్కల పేపరు మాత్రం రెండుసార్లు తప్పింది. అది పాసయ్యేదాకా సీనియర్ లేకుండా రోగితో ఒంటరిగా బండి ఎక్కకూడదన్నది రూలు.

లెక్కలంటే ఆమెకు బళ్ళోనే బెరుకు పుట్టింది. లెక్కల పంతులుగారు బోర్డు మీద ఏదో రాసి, "మైనస్‌తో భాగిస్తే గుర్తు తిరగేయాలి, అంతే" అన్నాడట. "ఎందుకండీ?" అని అడిగినందుకు గంటసేపు నిలబెట్టాడట. ఆ తర్వాత ఆమె ఎందుకని అడగడం మానేసింది, లెక్కలూ మానేసింది.

రెండోసారి తప్పాక మేడ మీద ఉండే వదిన ఆమెను పట్టుకుంది. వదిన అంటే భర్తకు అక్క. ముందు గదిలో పిల్లలకు ట్యూషన్లు చెబుతుంది. నోటి దురుసు మనిషే గానీ, చెప్పిన విషయం బుర్రకెక్కే దాకా వదిలిపెట్టదు.

"వదినా, మధ్యలో ఈక్వల్ గుర్తుంటే ఎలాగో గట్టెక్కుతాను. ఈ ఎక్కువ-తక్కువల నోరు తెరిచిన గుర్తు కనబడితే చాలు, నాకు చేయి ఆడదు" అంది చిన్నకోడలు మొదటి రోజే.

"ఈక్వల్ అంటే ఒక్కటే జవాబు. ఇది అలా కాదు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఫరవాలేదో చెబుతుంది. నువ్వు కూరలో ఉప్పు వేసేది ఈక్వల్ లెక్కతోనా? ఇంతకంటే తగ్గితే చప్పన. ఇంతకంటే పెరిగితే నోట్లో పెట్టుకోలేం. ఆ మధ్యలో ఎంత వేసినా కూరే. దాన్నే అసమీకరణం అంటారు. పేరు చూసి బెదిరిపోకు."

ఆమెకు పనికొచ్చే లెక్కే ఇచ్చింది వదిన. సిలిండర్లో తొమ్మిది వందల లీటర్ల ఆక్సిజన్ ఉంది. నిమిషానికి పది లీటర్లు ఖర్చు. అడుగున నూటయాభై ఎప్పుడూ మిగలాలి. ఎన్ని నిమిషాలు వాడొచ్చు? చిన్నకోడలు నిమిషాల్ని టీ అనుకుని, పెదవి కొరుక్కుంటూ రాసింది. తొమ్మిది వందల్లోంచి పది టీలు తీసేస్తే నూటయాభై కంటే ఎక్కువో, సమానమో ఉండాలి. తొమ్మిది వందల్ని అటు పంపితే, మైనస్ పది టీ, మైనస్ ఏడువందల యాభై కంటే ఎక్కువ. మైనస్ పదితో భాగించింది. టీ డెబ్బై అయిదు కంటే ఎక్కువ అని రాసి కాగితం ముందుకు జరిపింది.

వదిన కళ్ళజోడు పైకి తోసుకుంది. "బాగుందమ్మా. నీ లెక్క ప్రకారం డెబ్బై అయిదు నిమిషాలు దాటాకే గాలొస్తుంది. అంతదాకా ఆ మనిషి ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలా?"

చిన్నకోడలికి నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. "గుర్తు తిరగేయడం మర్చిపోయాను."

"మర్చిపోలేదు. నీకు తెలియదు. తెలిస్తే మర్చిపోవు. మీ ఆసుపత్రిలో మందులు దాచే ఫ్రీజరు ఉందా? ఇరవై డిగ్రీలు, అయిదు డిగ్రీలు, ఏది ఎక్కువ?"

"ఇరవై."

"మైనస్ ఇరవై, మైనస్ అయిదు?"

చిన్నకోడలు ఆలోచించింది. ఆ ఫ్రీజరు తుడిచేటప్పుడు వేళ్ళు కొంకర్లు పోయేవి. "మైనస్ ఇరవై బాగా చల్లన. అంటే తక్కువ. మైనస్ అయిదే ఎక్కువ." ఆగింది. "సున్నా దాటి అటు వెళ్తే పెద్దది చిన్నదైపోతుంది. అందుకా గుర్తు తిరిగేది?"

"అందుకే. ఎవరి హుకుమూ కాదు."

మూడోసారి పరీక్షకు ఇంకా వ్యవధి ఉండగానే ఆ వాన రోజు వచ్చింది.

ఆ మధ్యాహ్నం వార్డులో ఒక బస్సు కండక్టరుకు ఊపిరి బరువెక్కింది. నిమ్ము చేసి రెండు రోజులుగా పడుకున్న మనిషి. వేలికి తగిలించిన క్లిప్పులో రక్తంలోని ఆక్సిజన్ అంకె తొంభై కంటే కిందికి జారిపోతుంటే డాక్టరమ్మ ఆక్సిజన్ పది లీటర్లకు పెంచి, కొండకు అవతల ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమంది. సీనియర్లిద్దరూ రెండో బండిలో వెళ్ళారు, ఎప్పుడొస్తారో తెలియదు.

"చిన్నకోడలా, నువ్వే వెళ్ళాలి. రూలు సంగతి నేను చూసుకుంటాను. ఇదిగో, ఇదొక్కటే నిండు సిలిండరు. మిగతావి నింపడానికి పోయి ఇంకా రాలేదు. గంట ప్రయాణానికి ఇది ధారాళంగా సరిపోతుంది" అంది డాక్టరమ్మ.

పదిహేను వందల లీటర్లు. మీటరు ముల్లు చూసి లీటర్లు చెప్పడం చిన్నకోడలికి కొట్టిన పిండి. గంటకు ఆరు వందలు. నిజంగానే ధారాళం. కండక్టరును స్ట్రెచర్ మీద ఎక్కించి బెల్టులు బిగించింది. ఆయన భార్య చీర కొంగుతో తలమీది వాన తుడుచుకుంటూ పక్క సీట్లో ముడుచుకు కూర్చుంది. బాబాయి సైరన్ వేశాడు.

కొండ ఎక్కడం మొదలుపెట్టి సగం దూరం దాటాక బండి ఆగింది. ముందు లారీలు, బస్సులు బారులు తీరి ఉన్నాయి. మలుపులో సిమెంటు లారీ అడ్డంగా పడిందని, క్రేను వస్తోందని ఎవరో చెప్పారు. వస్తోంది, వస్తోంది అన్న మాటే గానీ క్రేను రాలేదు. సైరన్ ఎంత మోగినా పక్కకు తప్పుకునే చోటెక్కడిది? ఒక వైపు కొండ, ఇంకో వైపు లోయ. చిన్నకోడలు ముల్లు వైపు చూడకుండా ఉండలేకపోయింది. దారిలో నాలుగు వందలు పోయాయి. కదలకుండా కూర్చున్నందుకు ఇంకో నాలుగు వందలు పోయాయి. ఏడు వందలు మిగిలాయి.

బాబాయి తలుపు తెరిచి లోపలికి తొంగిచూశాడు. వానకు ముఖమంతా కారుతోంది. "వెనకున్న బండ్లను జరిపిస్తాను. కొద్దిగా వెనక్కెళ్తే పెద్దాసుపత్రికి పాత క్వారీ రోడ్డుంది. గుంతలమయం. కానీ బండి పోతుంది. ఎలా చూసినా గంటంపావు."

"వెనక్కి మనూరికే పోతేనో, బాబాయ్?"

ఆ మాట ఫోనులో డాక్టరమ్మనే అడిగింది. "ఇక్కడికి తెచ్చి ఏం చేస్తావమ్మా? నీ దగ్గరున్నదే మాకున్న ఆఖరి సిలిండరు. ఎలాగైనా అటే చేరండి" అంది డాక్టరమ్మ. గొంతులో కంగారు దాచుకోలేకపోతోంది.

"గంటంపావు దారికి పది లీటర్ల లెక్కన చాలదు మేడమ్. ఎంతవరకు తగ్గించొచ్చు?"

"ఆరు. అంతకంటే కిందికి దించకు. అంకె తొంభైకి అటూ ఇటూ నిలబడాలి."

చిన్నకోడలు జేబులోంచి పెన్ను తీసి, రాయడానికి ఏమీ దొరక్క బండి లోపలి తెల్ల రేకు మీదే రాసింది. నిమిషానికి వదిలే లీటర్లను క్యూ అనుకుంది. ఏడు వందల్లోంచి డెబ్బై అయిదు క్యూలు తీసేయాలి. ఈ మీటరు మీద ఎర్ర గీత వంద దగ్గరుంది, అడుగున అంత మిగలాలి. అది తగ్గితే ముల్లును నమ్మలేం. మైనస్ డెబ్బై అయిదు క్యూ, మైనస్ ఆరు వందల కంటే ఎక్కువ. ఇక్కడ చేయి ఆగింది. ఫ్రీజరు గుర్తొచ్చింది. గుర్తు తిరిగింది. క్యూ ఎనిమిది, లేదా అంతకంటే తక్కువ.

కింద ఆరు, పైన ఎనిమిది. ఆ మధ్యలో ఉంటే బతుకుతాడు. ఊపిరి పీల్చుకుంది. మీట తిప్పి ఏడు దగ్గర ఆపింది.

"ఎందుకు తగ్గిస్తున్నారు నర్సమ్మా?" కండక్టరు భార్య చప్పున ముందుకు వంగింది. ఆంబులెన్సులో తెల్ల కోటు వేసుకున్న వాళ్ళంతా ఆమెకు నర్సులే.

"నాకు తెలుసక్కా. మీరు కూర్చోండి."

"అసలే ఊపిరాడక చస్తుంటే గాలి తగ్గిస్తారా?"

"చెప్పాగా, నాకు తెలుసని. కదలకండి, బండి కుదుపుతుంది."

ఆమె కూర్చుంది గానీ చూపు మాత్రం మీట మీద నుంచి కదల్లేదు. అంకె తొంభై నాలుగు నుంచి మెల్లగా తొంభై రెండుకు దిగి అక్కడ నిలబడింది. చిన్నకోడలు మనసులో వదినకు దండం పెట్టుకుంది.

క్వారీ రోడ్డు బాబాయి చెప్పినదానికంటే ఘోరంగా ఉంది. బండి పడవలా ఊగుతోంది. పావుగంట నడిచిందో లేదో బ్రేకు పడింది. రోడ్డుకు అడ్డంగా ఒక చెట్టు కొమ్మ, దాని కింద జారిపడ్డ రాళ్ళు. బాబాయి దిగి లాగి చూశాడు. కొమ్మ కదల్లేదు.

"చిన్నకోడలా, ఒక చేయి వెయ్యవే! ఒక్కడి వల్ల అయ్యేలా లేదు."

చిన్నకోడలు రోగి వైపు చూసింది. అంకె తొంభై రెండు. మాస్కు సరిగ్గా ఉంది. "అక్కా, రెండు నిమిషాల్లో వస్తా. ఆయన్ని చూస్తూ ఉండండి" అని దిగింది.

రెండు నిమిషాల్లో తేలలేదు. కొమ్మ ఒక పక్కకు జరిపితే రాయి అడ్డం వచ్చింది. రాయి దొర్లిస్తే కొమ్మ మళ్ళీ జారింది. చెప్పులు బురదలో దిగబడ్డాయి. బాబాయి తాడు కట్టి బండితో లాగుదామన్నాడు, తాడు తెగింది. చివరికి ఇద్దరూ భుజాలు ఆనించి తోస్తే బండి పట్టేంత దారి వచ్చింది. ఆమె పరుగున వచ్చి వెనక తలుపు తీసింది.

కండక్టరు భార్య ముఖం వెలిగిపోతోంది. "చూడండి నర్సమ్మా, ఎంత తేరుకున్నాడో! తొంభై ఏడు!"

చిన్నకోడలు అంకె చూడలేదు. చెవికి వినబడే హోరే ఆమెకు విషయం చెప్పేసింది. మీట చివరికంటా తిరిగి ఉంది. నిమిషానికి పదిహేను లీటర్లు. ఆమె ఒక్క ఊపున మీట ఆరుకు తిప్పేసి ముల్లు చూసింది. మూడు వందల డెబ్బై.

"మళ్ళీ తగ్గించేశారు!" కండక్టరు భార్య లేచి ఆమె చేయి పట్టుకుంది. గట్టి పట్టు. "మా ఆయన్ని చంపుతారా మీరు? నేను పెంచబట్టే కదా తొంభై ఏడుకి వచ్చాడు!"

అరవాలని నోటి దాకా వచ్చింది చిన్నకోడలికి. అరవలేదు. ఆ భయపడ్డ ముఖంలోకి చూస్తుంటే తన తప్పు తనకు కనబడింది. అంతే, ఎందుకని అడక్కు అన్న పంతులు మాటనే తానూ అనేసింది. కారణం చెప్పకుండా కదలకండి అంటే ఏ భార్య ఊరుకుంటుంది? తానైనా ఊరుకునేదా?

"అక్కా, నా మాట ఒక్కటి విను. విన్నాక కూడా పెంచాలనిపిస్తే పెంచు" అంది. మర్యాదలన్నీ జారిపోయి గొంతు దగ్గరైంది. ముల్లు మీద వేలు పెట్టి చూపింది. "ఇది ట్యాంకులో నీళ్ళ లాంటిది. కొళాయి ఎంత తిప్పితే అంత వస్తుంది, అంత త్వరగా అయిపోతుంది. మళ్ళీ నింపుకునే చోటు ఈ దారిలో లేదు. ఆసుపత్రి ఇంకా గంట దూరం. నువ్వు తిప్పినట్టే ఉంచితే ఇరవై నిమిషాల్లో ముల్లు ఎర్ర గీత దాటుతుంది. ఇంకో నాలుగైదు నిమిషాలకు ఖాళీ. ఆ తర్వాత ఆయనకు ఊరికే మాస్కు మిగులుతుంది. అందుకే తగ్గించాను. ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాది."

కండక్టరు భార్య చేయి వదిలేసింది. "నేనే... నేనే అయిపోగొట్టానా?"

"ఏడవడానికి ఇప్పుడు టైము లేదక్కా. మాస్కు రెండు పక్కలా వేళ్ళతో నొక్కిపట్టుకో, గాలి పక్కకు పోకూడదు. ఆ అంకె మారినప్పుడల్లా నాకు వినబడేలా చదువు."

బండి కదిలింది. చిన్నకోడలు మళ్ళీ రేకు మీద రాసింది. మూడు వందల డెబ్బై, గంట దారి, వంద మిగలాలి. క్యూ నాలుగున్నర, లేదా అంతకంటే తక్కువ. డాక్టరమ్మ పెట్టిన హద్దు అలాగే ఉంది. ఆరు, లేదా అంతకంటే ఎక్కువ.

నాలుగున్నరకు లోపల ఉంటూ, ఆరుకు పైన ఉండే అంకె ఎక్కడుంటుంది? రెండుసార్లు సరిచూసింది. ఎంత చూసినా అదే. ఇలాంటప్పుడు జవాబు లేదని రాసి కిందికి గీత గీయమని వదిన చెప్పింది. పరీక్షలో అయితే దానికి మార్కులేస్తారు. ఇక్కడ స్ట్రెచర్ మీద మనిషి ఉన్నాడు.

"తొంభై రెండు" అని చదివింది కండక్టరు భార్య.

గాలి తగ్గించడానికి లేదు. సిలిండరు పెంచడానికి లేదు. మారేది ఇంకేముంది? టైమొక్కటే. ఆరు లీటర్లలా వాడితే ఎంతసేపు వస్తుంది? మూడు వందల డెబ్బైలోంచి ఆరు టీలు, వంద మిగలాలి. మైనస్ ఆరు టీ, మైనస్ రెండు వందల డెబ్బై. గుర్తు తిరిగింది. నలభై అయిదు, లేదా అంతకంటే తక్కువ.

"బాబాయ్! నలభై అయిదు నిమిషాల్లో చేరగలమా?"

"ఈ గుంతల్లోనా? వేగం పెంచితే చక్రం ఊడి అందరం ఇక్కడే ఉంటాం. గంటకు ఒక్క నిమిషం తగ్గదు."

మనం అక్కడికి చేరలేకపోతే, అక్కడి వాళ్ళే మన దగ్గరికి రావాలి. ఆ ఆలోచన తట్టగానే ఫోను తీసింది. గుట్ట ఎక్కుతుంటే ఒక గీత సిగ్నలు వచ్చింది. పెద్దాసుపత్రి కంట్రోల్ రూములో ఒకాయన ఎత్తాడు. క్వారీ రోడ్డుకు ఎదురుగా ఆక్సిజన్‌తో ఒక బండి పంపమని అడిగింది.

"ఉన్నది ఒక్కటేనమ్మా. ఇంకో కేసు దింపడానికి వెళ్ళింది. తిరిగి రావాలి, సిలిండరు ఎక్కించాలి."

"ఎంతసేపట్లో బయలుదేరుతుంది?"

"అదెలా చెప్పను?"

చిన్నకోడలు కళ్ళు మూసుకుంది. ఆ బండి ఎంత ఆలస్యంగా కదిలితే, అంతసేపు ఈ బండి ఒక్కటే నడుస్తుంది. ఆ తర్వాత మిగిలిన దారిని రెండు బండ్లూ చెరి సగం పంచుకుంటాయి. ఆలస్యం ఎక్స్ అనుకుంటే, కలుసుకునేది గంటలో సగమైన ముప్ఫైకి ఎక్స్‌లో సగం కలిపితే వచ్చినంతసేపటికి. అది నలభై అయిదు దాటకూడదు. అంటే ఎక్స్‌లో సగం పదిహేను దాటకూడదు.

"మీరు చెప్పలేకపోతే నేను చెబుతాను సార్, రాసుకోండి. అరగంటలోపు బండి కదిలితే మాకు అందుతుంది. అరగంట దాటాక కదిలితే అది మమ్మల్ని కలిసేసరికి నా దగ్గర గాలుండదు."

"కచ్చితంగా అరగంటేనా?"

"అరగంట గానీ, అంతకంటే తక్కువ గానీ. ఎక్కువ మాత్రం కాదు."

"చూస్తాన..." అంటుండగానే లైను తెగిపోయింది.

మళ్ళీ కలపబోతే కలవలేదు. గుట్ట దిగాక ఆ ఒక్క గీత కూడా పోయింది. ఆయన చూస్తానన్నాడు. పంపుతానన్నాడా? అనలేదు. ఆ మాటనే తిప్పి తిప్పి తలచుకుంటూ చిన్నకోడలు ముల్లు ముందు కూర్చుంది.

"తొంభై ఒకటి."

వాన పైకప్పు మీద గులకరాళ్ళలా పడుతోంది. బండి గుంతలో పడ్డప్పుడల్లా కండక్టరు మూలుగుతున్నాడు. ఆయన భార్య మోకాళ్ళ మీద నిలబడి రెండు చేతులతో మాస్కు నొక్కిపట్టుకుంది. చేతులు నొప్పి పుట్టినా వదల్లేదు.

"తొంభై... నర్సమ్మా, ఎనభై తొమ్మిది!"

మీట మీదికి చేయి వెళ్ళింది. ఏడు చేస్తే అంకె తొంభై ఎక్కుతుంది. ఏడు చేస్తే చివర్లో మూడు నిమిషాలు ఎగిరిపోతాయి. ఆ బండి రావడానికి ఆ మూడు నిమిషాలే కావాలేమో. చేయి వెనక్కి తీసుకుంది. కండక్టరు తల కింద దిండు సర్ది, కూర్చోబెట్టినట్టుగా పైకెత్తింది. "అన్నయ్యా, నా వైపు చూడండి. ముక్కుతో నిదానంగా లాగండి. ఆఁ, అలాగే. బస్సులో జనాన్ని అరిచి లోపలికి తోసే గొంతు మీది. ఈ కాస్త గాలిని లోపలికి తోయలేరా?"

ఆయన కళ్ళు తెరిచాడు. నవ్వలేకపోయినా కనురెప్పలు కదిలించాడు. రెండు మూడు ఊపిర్లు లోతుగా లాగాడు.

"ఎనభై తొమ్మిది... ఎనభై తొమ్మిది... తొంభై!"

"ఇంకెంతుందే?" ముందు నుంచి బాబాయి కేకేశాడు.

"రెండు వందలు."

క్వారీ గోతుల పక్క నుంచి, నీళ్ళు పారుతున్న కల్వర్టు మీద నుంచి బండి పాకుతూ పోయింది. ముల్లు నూటయాభై దాటింది. ఎదురుగా రోడ్డు ఖాళీ. నూటముప్ఫై. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. చిన్నకోడలు ఎర్ర గీత దాటాక ఏం చేయాలో ఆలోచించసాగింది. గాలి ఆగిపోతే రబ్బరు సంచీని చేత్తో నొక్కుతూ గాలి ఊదాలి. దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. కండక్టరు భార్య అది చూసింది. అర్థమైనట్టుంది.

"చేతులు మారుద్దామా అక్కా?"

"వద్దు. పట్టుకుంటా."

ముల్లు ఎర్ర గీతను తాకబోతుండగా బాబాయి హారన్ మీద చేయి పెట్టి తీయలేదు. మలుపులో రెండు పసుపు దీపాలు, వాటి పైన తిరుగుతున్న ఎరుపు దీపం. ఎదురు బండి ఆగీ ఆగకముందే దానిలోంచి ఒక కుర్ర డాక్టరు సిలిండరు భుజాన వేసుకుని దూకాడు. చిన్నకోడలు పాతది విప్పి కొత్తది బిగిస్తుంటే వేళ్ళు మొదటిసారి తడబడ్డాయి. డాక్టరు ఆమె చేతుల మీదే తన చేతులు వేసి బిగించాడు. గాలి హోరు మొదలైంది. పది లీటర్లు. కాసేపటికి కండక్టరు భార్య చదివింది, "తొంభై మూడు." ఆ తర్వాత మాస్కు వదిలేసి నేల మీద కూలబడిపోయింది.

కండక్టరు బతికాడు. నెలరోజులు పెద్దాసుపత్రిలో ఉన్నాడు. ఊపిరి ముందటి లాగా లేదని బస్సు మాన్పించి టికెట్ల కౌంటరులో కూర్చోబెట్టారట.

చిన్నకోడలికి మాత్రం అంత తేలిగ్గా తెమల్లేదు. మూడో రోజున సూపరింటెండెంటు పిలిపించాడు. సీనియర్ లేకుండా ఎందుకు వెళ్ళావన్నది మొదటి ప్రశ్న. దానికి డాక్టరమ్మ తానే పంపానని లేచి నిలబడింది. రెండో ప్రశ్న ఆక్సిజన్ గురించి. చెట్టు దగ్గర ఆగిన కాసేపట్లో అంత ఎలా ఖర్చైంది?

"రోగి భార్య పూర్తిగా తెరిచేసింది సార్."

"అయితే తప్పు ఆమెది."

"కాదు సార్. ఎందుకు తగ్గించానో ఆమెకు చెప్పకుండా దిగిపోయాను. చెప్పి ఉంటే ముట్టుకునేది కాదు. పైగా రోగిని వదిలి దిగడం కూడా నా పొరపాటే."

"దిగకపోతే కొమ్మ ఎవరు తీసేవారు?" అన్నాడు గుమ్మం దగ్గర నిలబడ్డ బాబాయి. ఆయన్నెవరూ లోపలికి పిలవలేదు.

సూపరింటెండెంటు చివరికి రోగిని ఒంటరిగా వదిలినందుకు ఒక హెచ్చరిక, ఇంకో ఆరు నెలల ప్రొబేషను రాశాడు. ఏ బండీ ఒకే సిలిండరుతో కదలకూడదన్న ఆర్డరు కూడా అదే పూట వేశాడు. హెచ్చరిక అందుకుని చిన్నకోడలు బయటికొచ్చి, షెడ్డు అరుగు మీద కూర్చుండిపోయింది. అప్పుడొచ్చింది ఏడుపు. బాబాయి టీ తెచ్చి పక్కన పెట్టి, టైర్లలో గాలి చూసుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ఇంట్లో అంతా విన్న వదిన, ఎప్పుడూ లేనిది, ఒక్క మాటా విసరలేదు. రెండు బండ్లు కలుసుకునే లెక్క దగ్గర మాత్రం ఆపి మళ్ళీ చెప్పమంది. "అది నేను నేర్పలేదే" అంది.

"నేర్పలేదు వదినా. వేరే దారి లేకపోయింది."

మూడోసారి రాసిన పరీక్షలో చిన్నకోడలు శాతాల లెక్కలు రెండు వదిలేసింది, ఒకటి తప్పు చేసింది. అయినా పాసైంది, అత్తెసరు మార్కులే. ప్రొబేషను ముగిశాక రూలు ప్రకారమే ఒంటరిగా తొలిసారి ఎక్కిన బండిలో పురిటి నొప్పులు పడుతున్న ఒక అమ్మాయి, ఆమె తల్లి ఉన్నారు. చిన్నకోడలు బండి కదలకముందే తల్లి పక్కన కూర్చుని, ఏ మీట ఎందుకుందో, దారిలో తానేం చేయబోతుందో, ఎందుకు చేయబోతుందో ఒక్కొక్కటే చెప్పింది. ఆ తల్లి అడ్డొచ్చి సవాలక్ష ప్రశ్నలు వేసింది. బాబాయి ఇంజను ఆపేసి, స్టీరింగు మీద గడ్డం ఆనించి, అవి అయ్యేదాకా కూర్చున్నాడు.